పాయింట్ మూడు

క్షమాపణకు వెళ్లేటప్పుడు చేతిలో మిఠాయి పెట్టె ఎంత బరువుండాలో ఒసాకాలో పెరిగినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. జవాబు ఆలస్యమైతే బిస్కెట్లు చాలు. సరుకు ఆలస్యమైతే కేకు. అవతలివాడి పొట్ట మీద కొట్టే కబురు మోసుకెళ్తున్నప్పుడు మాత్రం యోకాన్ తప్ప ఇంకోటి పనికిరాదు. చిక్కుడు గింజల ముద్దను పంచదారతో గడ్డకట్టించిన ఆ మిఠాయి ఇటుకంత బరువుంటుంది. ఆ బరువు చేతికి తగిలితే గానీ మన బాధ అవతలివాడికి తెలియదని ఊళ్లో అందరి నమ్మకం.

ఆ శుక్రవారం పొద్దున తత్సునో వెళ్లే రైల్లో కజితాని మిచియో ఒళ్లో ఉన్నది రెండు వరుసల యోకాన్ పెట్టె. చక్రవర్తి పోయి కొత్త శకానికి పేరు పెట్టి ఇంకా నెల తిరగలేదు. రైల్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మిచియోకి అదే హాయిగా ఉంది. పక్కసీటు ముసలాయన ఆమె పెట్టె వంక, ఆమె ముఖం వంక చూసి, పాపం అన్నట్టు తల తిప్పుకున్నాడు.

ఆమె వెళ్తున్నది ఇవాసె తొకుజీ దగ్గరికి. తత్సునోలో లోహాలు కరిగించే చిన్న కార్ఖానా ఆయనది. మిచియో పనిచేసే బ్యాటరీ కంపెనీ కోసమని, మిచియో మాట నమ్మి, ఆయన తన పొయ్యిని విప్పి మళ్లీ కట్టించుకున్నాడు. ఇప్పుడు ఆ పొయ్యితో పని లేదని చెప్పాలి. మధ్యాహ్నం భోజనాలు కాగానే ఒసాకాలో డైరెక్టర్ల మీటింగు. మిచియో పై అధికారి కుసునోకి అందులో లేచి, ఈ మిశ్రమలోహాన్ని ఇక వదిలేస్తున్నామని చెప్పబోతున్నాడు.

ఆ మిశ్రమలోహం మిచియో కన్నబిడ్డ లాంటిది. కాడ్మియం విషమని, దానికి బదులు మరో బ్యాటరీ చేయాలని దేశంలో సగం కంపెనీలు ఒకదాన్నొకటి తోసుకుంటున్న రోజులవి. మిచియో లోహం ఛార్జి ఎక్కించేటప్పుడు హైడ్రోజన్‌ను తాగి దాచుకుంటుంది, వాడుకునేటప్పుడు వదులుతుంది. తాగినప్పుడల్లా ఉబ్బుతుంది, వదిలినప్పుడల్లా కుంగుతుంది. ఉబ్బీ కుంగీ పగిలి పిండవుతుంది. ఆ పిండిని బ్యాటరీ లోపలి క్షారం తినేస్తుంది. రేర్ ఎర్త్ అనే అరుదైన మట్టి లోహాల కలగలుపులో ఒట్టి నికెల్ వేసి ఊరుకుంటే అంతా నాలుగు రోజుల ముచ్చట. కాస్త కోబాల్ట్ కలిపితే ఉబ్బు తగ్గింది. కాస్త మాంగనీస్ కలిపితే తాగినదాన్ని తొందరపడి కక్కకుండా బుద్ధిగా లోపల ఉంచుకుంది. అన్నిటికన్నా చివర రవ్వంత అల్యూమినియం వేసింది మిచియో. దాంతో లోహం ఒంటికి పలచటి పొర కట్టింది, క్షారం నోరు మూతపడింది. బ్యాటరీ చావడం మానేసింది. ఆ రోజు మిచియో ల్యాబులో ఒక్కతే నిలబడి చప్పట్లు కొట్టుకుంది.

అదంతా ల్యాబులో సంగతి. అక్కడ కరిగించేది చొక్కా బొత్తం కన్నా కాస్త పెద్ద ముద్దలు. బ్యాటరీలు అమ్మాలంటే బొత్తాలు చాలవు, బస్తాలు కావాలి. బస్తాల కోసమే ఇవాసె. ఆయన పంపిన పొడితో చేసిన బ్యాటరీలు వరసగా చచ్చాయి. మళ్లీ కరిగించి పంపాడు. అవీ చచ్చాయి. పొడిలో ఏముందో పరీక్షించలేదా అంటే, శుభ్రంగా పరీక్షించారు. పరీక్షల గదివాళ్లు ఫోన్ చేసి "అల్యూమినియం పాయింట్ మూడు" అన్నారు. మిచియో బుర్రలో ఉన్నదీ పాయింట్ మూడే. ఇంక దేన్ని అనుమానిస్తుంది? తననే అనుమానించుకుంది.

క్యాంటీన్లో వాళ్లకి ఆ పాటి చాలు. "కజితాని గారూ, మీ అదృష్టపు బొత్తం ఎలా ఉంది?" అని ఒకడు. "చొక్కాకి కుట్టేసుకోండి, పోకుండా ఉంటుంది" అని ఇంకొకడు. లేని ఫలితాలు వండిందని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనకుండా అనడం ఆ క్యాంటీన్లో అందరికీ వచ్చిన విద్య.

వీటన్నిటినీ ఆమె దులుపుకుపోయేది. ముందురోజు కుసునోకి అన్న మాటే గుండెలో దిగబడింది. కుసునోకి చెడ్డవాడు కాదు. ఆయన గొంతులో కోపం ఉన్నా బాగుండేది.

"కజితానీ, నీ అల్యూమినియం సంగతి నిజమేనా? నిన్ను అనుమానించి అడగడం లేదు."

"నిజమే సార్."

"మరి పొయ్యి మారితే చచ్చిపోయే నిజం ఏం నిజమమ్మా?"

రైలు కొండల్లోకి తిరిగి, కిటికీలోంచి సోయా రసం మరిగే వాసన లోపలికొచ్చేదాకా ఆ మాటకి జవాబు వెతుకుతూనే ఉంది. ఆ వాసన వచ్చిందంటే తత్సునో వచ్చినట్టే.

తలుపు తీసింది ఇవాసె భార్య ఫుమియె. ఆమె వెనక ఇవాసె నిలబడి ఉన్నాడు. ఎప్పుడు చూసినా నిప్పురవ్వలు పడి చిల్లులైన పని చొక్కాలో ఉండే మనిషి, నల్ల సూటు వేసుకుని, టై బిగించుకుని, పెళ్లికో చావుకో బయల్దేరినట్టున్నాడు. బల్ల మీద ఒక పెట్టె. మిచియో తన చేతిలో పెట్టె వంక చూసుకుంది. అదే కొట్టు, అదే కాగితం, అవే రెండు వరుసలు.

ఆమె నోరు తెరిచేలోపే ఇవాసె నడుం వంచేశాడు.

"ఇంత చలిలో ఇంత దూరం మిమ్మల్ని రప్పించాను. క్షమించాలి. తప్పంతా నాదే."

"అయ్యో, మీదేంటండీ!" మిచియో ఆయనకన్నా కిందికి వంగింది. "తప్పు నాది. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

"కాదు కాదు, నాదే."

"ఇవాసె గారూ, దయచేసి నన్ను చెప్పనివ్వండి."

"మీరు చెప్పాక నాకు చెప్పుకునే మొహం ఉండదండీ. ముందు నేను చెప్పేస్తాను."

"ఏవండీ," అంది ఫుమియె, "ముందు ఆవిణ్ని కోటు విప్పుకోనివ్వండి. తప్పులెక్కడికీ పారిపోవు."

కూర్చున్నారు. టీ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. ఇవాసె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తన నేరాలన్నీ ఏకరువు పెట్టడం మొదలెట్టాడు. పొయ్యి కొత్తది, ఇటుకల్లో తేమ పూర్తిగా ఆరలేదేమో. కరిగినదాన్ని అచ్చులో పోశాక మెల్లిగా చల్లారిందేమో. నూరేటప్పుడు గాలి తగిలిందేమో. ఒక్కో నేరానికీ ఒక్కో వంగడం. చేయని తప్పులు మోస్తున్నాడు పెద్దమనిషి, తన మూలంగా అనుకుంది మిచియో.

"ఇక చాలండీ," అంది. "మీ పొయ్యిలో ఏ లోపమూ లేదు. మీరు పంపిన పొడిని మావాళ్లు పరీక్షించారు. నేనేం చెప్పానో అదే వేశారు మీరు. నేను చెప్పిందే తప్పు. అది ల్యాబులో ఏదో కలిసొచ్చి బతికింది. ఇంత రవ్వ అల్యూమినియం అంత పని చేస్తుందని నేను గొప్పలు పోయాను, మిమ్మల్నీ ఇందులోకి దించాను."

ఇవాసెకి ఈ మాట నచ్చలేదు. తప్పు తనదని ఒప్పుకోవడానికి ఆయనకి అభ్యంతరం లేదు గానీ, మిచియోదంటే ఊరుకోలేడు.

"మీరు చెప్పింది తప్పెలా అవుతుందండీ! అది మామూలు బుర్రకి తట్టే సంగతా? నేను మా ఆవిడతో కూడా అన్నాను. ఏమే, అన్నానా లేదా? వందలో పాయింట్ మూడు! ఆ కాస్తతో అంత లోహాన్ని లొంగదీశారంటే ఎంత తెలివి కావాలి!"

"అన్నారు," అంది ఫుమియె. "ఒకసారి కాదు. ఊరగాయలో ఆ పాటి ఉప్పు వేస్తే వేసినట్టు కూడా తెలీదని నేనూ అన్నాను."

"దేన్లో?" అంది మిచియో.

"ఊరగాయలోనండీ. ముల్లంగి ఊరగాయ."

"కాదు కాదు. ఇవాసె గారూ, దేన్లో పాయింట్ మూడు అన్నారు మీరు?"

ఇవాసె మొహంలో భయం కనిపించింది. ఏదో కొత్త నేరం బయటపడిందనుకున్నాడు పాపం.

"వందలో... తూకంలో వంద పాళ్లకి పాయింట్ మూడు పాళ్లు. మీరు ఫోన్లో చెప్పిందే."

బల్ల మీద రెండు పెట్టెలూ పక్కపక్కన ఉన్నాయి. మిచియో వాటినే చూస్తూ కూర్చుంది.

ఆమె ఫోన్లో చెప్పిన మాట నిజమే. మొదట పంపిన ఆర్డరులో నికెల్, కోబాల్ట్, మాంగనీస్ అన్నీ తూకం ప్రకారమే ఉన్నాయి. అప్పటికి అల్యూమినియం లేదు. అది పనిచేస్తోందని తెలిసిన రోజు సంబరం పట్టలేక తత్సునోకి ఫోన్ చేసి, "అల్యూమినియం పాయింట్ మూడు కలపండి, ఆ మేరకు నికెల్ తగ్గించండి" అని చెప్పేసింది. ల్యాబులో ఎవరూ తూకం మాట మాట్లాడరు. అక్కడ లెక్కంతా పరమాణువులతో. అరుదైన లోహం పరమాణువు ఒకటుంటే మిగతావన్నీ కలిసి అయిదు. ఆ అయిదులో అల్యూమినియం వాటా పాయింట్ మూడు. దాన్ని తూకంలోకి మారిస్తే వందకి దాదాపు రెండు పాళ్లొస్తుంది. ఇవాసె వేసింది అందులో ఆరో వంతు కూడా కాదు. పరీక్షల గదివాళ్లూ వాళ్ల అలవాటు కొద్దీ తూకంలోనే చూసి, వాళ్ల పాయింట్ మూడు వాళ్లు చెప్పారు. ముగ్గురూ ఒకే అంకె పలికారు, అందుకే ముగ్గురికీ అనుమానం రాలేదు.

"ఇవాసె గారూ," అంది మిచియో. "నేను చెప్పింది వందలో కాదండీ. అయిదులో. అదీ పరమాణువుల లెక్క. మీ తూకంలో అది రెండు అవుతుంది."

"రెండా?"

"దాదాపు రెండు."

"రెండు..." అన్నాడు ఇవాసె. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. "రెండైతే, అది వేసినట్టండీ."

"మీకు వింతగా అనిపించలేదా, ఫోన్లో విన్నప్పుడు?"

"ఎందుకనిపించలేదూ! ఫోన్ పెట్టేశాక సిగరెట్ వెలిగించుకుని ఆలోచించాను. మళ్లీ చేద్దామా అనుకున్నాను."

"మరి చేయలేదేం?"

ఇవాసె మెడ వెనక గోక్కున్నాడు. "ఎలా చేస్తామండీ! తిరిగి అడిగితే మీరు సరిగ్గా చెప్పలేదని నేనన్నట్టు అవుతుంది. కాకపోతే నాకు అర్థం కాలేదని మీకు తెలిసిపోతుంది. రెండూ బాగోవు కదా. ఒసాకా వాళ్లు చెప్పారంటే ఏదో కారణం ఉండే ఉంటుందిలే అనుకున్నాను."

"ఈయనంతేనమ్మా," అంది ఫుమియె. "ఊరు కాని ఊళ్లో దారి తప్పితే, ఎవర్నీ అడగకుండా మళ్లీ ఇంటిదాకా వచ్చి మొదట్నుంచి వెళ్తారు."

మిచియో నవ్వింది. నవ్వుతూనే ఉంది. ఆపుదామంటే ఆగలేదు. ఆ తర్వాత అది ఏడుపైంది, అదీ ఆగలేదు. ఎన్ని వారాలుగానో గుండెల మీద కూర్చున్న బండ ఎవరో ఎత్తి అవతల పారేసినట్టుంది ఆమెకి. పని మొదలెట్టిన కొత్తలో ల్యాబులో తనే తక్కువ అల్యూమినియంతో బొత్తాలు చేసి చూసింది. అవీ అచ్చం ఇలాగే, ఇంత త్వరగానే చచ్చాయి. అంటే ఇవాసె పొయ్యి అబద్ధం చెప్పలేదు, తన లోహమూ అబద్ధం చెప్పలేదు. తనకు పిచ్చి పట్టలేదు. తను కన్నది కల కాదు. ఇంతకన్నా హాయైన సంగతి ఆమె జీవితంలో ఇంకోటి వినలేదు.

ఇవాసె కంగారుగా లేచి నిలబడ్డాడు. "ఏమే, తువ్వాలు తే!"

"తువ్వాలు వద్దు," అంది మిచియో కళ్లు తుడుచుకుంటూ. "ఫోన్! ఫోనెక్కడుంది?"

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, మీటింగు. ఒసాకాలో ఫోన్ ఎత్తిన అమ్మాయి తీరిగ్గా చెప్పింది. "కుసునోకి సార్ కాగితాలు తీసుకుని ఇప్పుడే పై అంతస్తుకి బయల్దేరారండీ. ఏమన్నా చెప్పమంటారా?"

"ఆపు! పరిగెత్తు! కాళ్లు పట్టుకునైనా ఆపు!"

అవతల కుర్చీ పడ్డ చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఇవాసె, ఫుమియె ఇద్దరూ మిచియోకి చెరోపక్కా నిలబడ్డారు. ఇవాసె టై వదులు చేసుకున్నాడు, మళ్లీ బిగించుకున్నాడు. ఫోన్లో దూరంగా ఎవరివో అడుగుల చప్పుడు వినబడింది. అవి దగ్గరికొచ్చాయి. రొప్పుతూ కుసునోకి.

"ఏంటమ్మా కజితానీ? ఇవాసె గారు ఏమన్నా చేసుకున్నారా?"

"లేదు సార్, బానే ఉన్నారు. ఏడుస్తున్నది నేనే. సార్, ఆ లోహాన్ని చంపకండి. అదింకా పుట్టనేలేదు."

"సరిగ్గా చెప్పు. నాకు టైము లేదు."

చెప్పింది. ముక్కలు ముక్కలుగా, వెనకది ముందు, ముందుది వెనక చెప్పింది. పరమాణువులు, తూకం, అయిదు, వంద. చివర్న కుసునోకి ఊపిరి పీల్చడం వినిపించింది.

"అంటే మనం ఇన్నాళ్లూ ఏడ్చింది..."

"వేరేవాళ్ల శవం మీద సార్."

ఇవాసె ఇక ఉండబట్టలేక ఫోను లాక్కున్నాడు. "కుసునోకి గారూ, నమస్కారమండీ, తప్పంతా నాదే. నేను అడిగుంటే..." మిచియో వెనక్కి లాక్కుంది. "సార్, ఆయన మాట వినకండి. ఫోన్లో సరిగ్గా చెప్పనిది నేను."

"ఇద్దరూ కాసేపు నోరు మూసుకోండి!" అన్నాడు కుసునోకి. ఆ కేక ఫుమియెకి కూడా వినబడింది. "తప్పెవరిదో లోపల నేను చెప్పను. తప్పు దొరికిందని చెప్తాను. వాళ్లకి కావలసింది అదే. వేసవి దాకా గడువడుగుతాను. ఇవ్వకపోతే ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటాను." గొంతు తగ్గింది. "కజితానీ, నిన్న నీతో ఒక మాటన్నాను. పొయ్యి మారితే చచ్చే నిజం అని. అది నేను అనకుండా ఉండాల్సింది."

మిచియో ఫోన్ పట్టుకుని తల ఊపింది. ఊపితే ఫోన్లో కనబడదని ఆ తర్వాత తట్టింది.

కుసునోకి గడువు సాధించుకున్నాడు. ఆ తర్వాత తీసిన పొడితో చేసిన బ్యాటరీలు ఎండాకాలం దాటినా చావలేదు. క్యాంటీన్లో బొత్తం జోకు వేసినవాడే వచ్చి, తనకూ నాలుగు ఇప్పించమని, కొడుకు బొమ్మ కారులో వేస్తానని అడిగాడు. అవన్నీ తర్వాత సంగతులు. ఆ మధ్యాహ్నం తత్సునోలో ఇంకా పొయ్యి కూడా వెలగలేదు.

ఇవాసె సూటు విప్పి పారేసి చిల్లుల చొక్కా తొడుక్కున్నాడు. ఆ చొక్కాలో మళ్లీ మనిషి మనిషిలా కనిపించాడు. మిచియో ఈసారి తొందరపడకుండా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అల్యూమినియం, తూకంలో, వంద పాళ్లకి రెండు పాళ్లు. ఇవాసె తన నోటితో తిరిగి చెప్పాడు. వందకి రెండు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆయన షెడ్డులోకి వెళ్లాడు.

ఫుమియె వేడివేడి నూడుల్స్ గిన్నె తెచ్చి మిచియో ముందు పెట్టింది. ఆ ఊరి సన్నటి నూడుల్స్, ఆ ఊరి లేత సోయా రసం, పైన నాలుగు ఉల్లికాడ ముక్కలు. మిచియోకి రెండు రోజులుగా ఏదీ సయించలేదు. ఇప్పుడు ఆకలి ఒక్కసారిగా మీద పడింది. మొహమాటం లేకుండా జుర్రుకుంటూ తినడం మొదలెట్టింది. ఫుమియె అడక్కుండానే రెండో గిన్నె తేవడానికి లేచింది.

అప్పుడు షెడ్డు వైపు తలుపు తెరుచుకుంది. ఇవాసె గడప దగ్గరే నిలబడ్డాడు. టోపీ తీసి చేతుల్లో తిప్పుతున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కజితాని గారూ... మీరేమీ అనుకోనంటే..."

"చెప్పండి."

"చెప్పడం కాదండీ. ఒక్కటి అడగొచ్చా?"

ఫుమియె చేతిలో గిన్నెతో వంటగది ముందు ఆగిపోయింది.

"ఆ రెండు పాళ్లూ... కుండలో వేసేదా, కుండలోంచి వచ్చేదా? నా పొయ్యిలో అల్యూమినియం కాస్త పైన తెట్టు కట్టి పోతుంది, కాస్త కుండ గోడలకి అంటుకుంటుంది. మీరన్నది వేసేదైతే, ఇందాకటి లెక్కే చాలు. వచ్చేదైతే మాత్రం నేను ఇంకొంచెం ఎక్కువ వేసుకోవాలి."

మిచియో చేతిలో నూడుల్స్ తినే పుల్లలు గాల్లోనే ఆగిపోయాయి. ల్యాబులో చిన్న బొత్తాన్ని నీళ్లతో చల్లబరిచే రాగి పళ్లెంలో కరిగిస్తుంది తను. అందులో పోయేది లేదు, అంటుకునేది లేదు. వేసేది, వచ్చేది రెండూ ఒకటే. ఆ రెంటికీ తేడా ఉంటుందన్న ఆలోచనే ఆమెకి ఎన్నడూ రాలేదు. ఈయన ఈ మాట అడక్కుండా తలుపు వేసుకుని వెళ్లిపోయుంటే? ఆమె పుల్లలు బల్ల మీద పెట్టేసింది.

"వచ్చేది," అంది. "కుండలోంచి వచ్చేదండీ, ఇవాసె గారూ. ఇంకేమన్నా ఉన్నాయా? ఉంటే అడగండి. ఇప్పుడే అడిగేయండి."

ఇవాసె ఒకసారి భార్య వంక చూశాడు. ఆ తర్వాత గడప దగ్గర బూట్లు విప్పి, లోపలికొచ్చి, మిచియోకి ఎదురుగా కూర్చున్నాడు.

"అయితే చాలానే ఉన్నాయండీ," అన్నాడు.